మీగడ రంగు గులాబీ

జనవరి 21

గులాబీలన్నీ మోకాలెత్తుకి నరికేశాను. హైబ్రిడ్ టీ రకం గులాబీ దగ్గర జాలి పనికిరాదు. లావుపాటి కొమ్మలు మూడో నాలుగో ఉంచి, బయటి వైపు తిరిగిన చిగురు కన్నుకి కాస్త పైన ఏటవాలుగా కోసెయ్యాలి. అప్పుడే రేపు నిటారుగా పొడుగు కాడ వస్తుంది.

ముళ్ళు గ్లవ్స్‌లోంచి కూడా దిగాయి. మోచేతుల దాకా రక్తం. ఎవర్నో చంపొచ్చినట్టున్నావు అన్నారు మా ఆయన. ఆయన జోకెయ్యడమే అరుదు. నవ్వాను.

ఫిబ్రవరి 9

చిగుళ్ళు. ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

గోడవతల డ్రిల్లు మాస్టారు మళ్ళీ మొదలెట్టాడు. స్కూలు వదిలి ఎన్నేళ్ళయిందో, మెళ్ళో విజిల్ మాత్రం తియ్యలేదు. కుక్క మొరిగితే విజిల్. మా బండి స్టార్ట్ చేస్తే విజిల్. పోయినేడాది గోడ మీదికి వాలిన నా కొమ్మల్ని తెగనరికి మా వాకిట్లోకి విసిరాడు. అదే వారం, బండి అడ్డం పెట్టారని నడివీధిలో మా ఆయన కాలరు పట్టుకుని చెంప మీద కొట్టాడు. వీధంతా చూసింది. ఆయన బస్ డిపోలో మెకానిక్. ఇంజన్లు ఎత్తే చేతులు. ఆ చేతుల్తో కళ్ళజోడు ఏరుకుని లోపలికొచ్చి భోంచేశారు. ఎంత ఓపిక అనుకున్నాను.

మాస్టారి భార్య మాత్రం బంగారం. నేనూ వదినా అంటాను, ఆవిడా వదినా అంటుంది. మొగుడి మీద ఒళ్ళు మండినప్పుడల్లా గోడ దగ్గరికొచ్చి నాతో కక్కేస్తుంది.

ఫిబ్రవరి 26

పక్క మొగ్గలన్నీ గిల్లేశాను. కాడకి ఒక్కటే పువ్వు. మిగతావాటి తిండి కూడా అదే తిని బలవాలి. ఏప్రిల్‌లో టౌన్‌హాల్లో ఫ్లవర్ షో ఉంది. ఈసారి పేరిచ్చేశాను.

మార్చి 8

మొదటి పువ్వు! లోపల మీగడ రంగు. అంచుల్లో మాత్రం లేత గులాబీ, సిగ్గుపడ్డట్టు.

పొద్దున్నే కోసి, నేను పనిచేసే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. మా పళ్ళ డాక్టర్ గారికి రిసెప్షన్ కౌంటర్ మీద పూలుండాలి. సన్న మూతి గాజు కూజాలో ఒక్క కాడే పెట్టాను. నీళ్ళలో మునిగే ఆకులు తీసేసి, కాడ చివర నీళ్ళలోనే మళ్ళీ కోసి, పై రేకుల్ని మెత్తటి బ్రష్‌తో కొంచెం వెనక్కి వంచాను. కూజా కన్నా పువ్వు కాస్త ఎక్కువ ఎత్తు. పక్కన ఒక వంకర ఆకుపచ్చ కొమ్మ, అంతే. పన్ను పీకించుకోడానికొచ్చినాయన దవడ పట్టుకునే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. షోలోనూ ఇలాగే పెడతాను.

మార్చి 9

చిగుళ్ళకి పేనుబంక. వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి స్ప్రేయర్‌తో అన్ని మొక్కలకీ దట్టంగా కొట్టాను. చావండి అని తిట్టుకుంటూ కొట్టాను.

మార్చి 17

ఆకులు మెలికలు తిరిగిపోయాయి. కొత్త చిగుళ్ళు తాళ్ళలా సన్నగా, మొగ్గలు మెడ విరిచినట్టు వంగి. అన్ని మొక్కలూ. ఇది తెగులు కాదు, కలుపు మందు పడితేనే ఇలా అవుతుంది. గోడవతల నుంచి ఎవరు పోస్తారు, వాడు కాక!

డిపో నుంచి రాగానే ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. తర్వాత నోటికొచ్చిందల్లా అన్నాను. చెంప దెబ్బ తిని ఊరుకున్నావు, ఇదీ ఊరుకో, గాజులు తెచ్చిస్తాను తొడుక్కో అన్నాను. వాడి మూతి పగలగొట్టేవాడు ఒక్కడూ లేడా ఈ ఇంట్లో అన్నాను. ఆయన ఒక ఆకు తెంపి వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు.

మార్చి 19, మధ్యాహ్నం

ఎలా రాయాలో తెలీడం లేదు.

పొద్దున నేను తల దువ్వుకుంటున్నాను. ఆయన టిఫిన్ తిని, ప్లేటు కడిగి బోర్లించి, పార తీసుకుని బయటికెళ్ళారు. పాదులు తవ్వుతారేమో అనుకున్నా. వాళ్ళ గేటు చప్పుడైతే గోడ దగ్గరికి పరిగెత్తాను. మాస్టారు విజిల్ ఊదాడు. రెండోసారి ఊదబోయాడు, విజిల్ నోట్లో ఉండగానే పార కర్ర తగిలింది. పళ్ళు రాలాయి. పడ్డాక కూడా ఆపలేదు. ఆవేశంగా కాదు. డిపోలో బిగుసుకుపోయిన బోల్టు మీద కొట్టినట్టు, చూసుకుని, గురి పెట్టి కొట్టారు. ముఖం మీద. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద. మళ్ళీ ముఖం మీద. వదిన నడుం పట్టుకుని లాగితే మోచేత్తో తోసేశారు. ఆవిడ మెట్ల మీద పడింది.

నేను గోడ దగ్గరే ఉన్నాను. నిజం రాస్తాను, ఎవరూ చదవరు కదా. మొదటి దెబ్బకి నాకు సంతోషమేసింది. కడుపు నిండినట్టు. మాస్టారి కన్ను చితికిన చోటు కనబడ్డాక కేకలు పెట్టాను.

ఆయన పార కడిగి గోడకి ఆనించి, పోలీసులొచ్చేదాకా వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు.

మార్చి 20

మాస్టారి ఎడమ కన్ను తీసేశారట. కుడిది కూడా మసకేనట.

ఏప్రిల్ 4

ఆయనకి బెయిల్ వచ్చింది. రోజూ పొద్దున స్టేషన్‌కెళ్ళి సంతకం పెట్టాలి.

కేసు తేలికవ్వాలంటే నా వాంగ్మూలమే ముఖ్యమంటున్నాడు లాయరు. మాస్టారు ఎప్పట్నుంచో వేధిస్తున్నాడు, పిల్లల్లా పెంచుకున్న మొక్కలకి విషం పెట్టాడు, అది చూసి మనిషి నిగ్రహం కోల్పోయాడు, అని చెప్పాలట. ఇందులో అబద్ధం ఏముంది, చెప్తానన్నాను.

షోకి ఫోన్ చేసి పేరు తీయించేశాను.

ఏప్రిల్ 9

మేడ మీద కుండీల్లో ఫిబ్రవరిలో బీన్స్ వేశాను. బాగా పాకాయి. పేనుబంక కనబడితే సబ్బునీళ్ళు కొట్టాను.

ఏప్రిల్ 11

బీన్స్ ఆకులు మెలికలు తిరిగాయి.

మేడ మీదికి ఏ మాస్టారూ రాలేదు. మాస్టారు ఆసుపత్రి మంచం మీదున్నాడు.

స్ప్రేయర్ మూత తీసి వాసన చూశాను. మా ఆయన్ని అడిగాను. మార్చి మొదట్లో నడకదారి రాళ్ళ మధ్య గడ్డికి కలుపు మందు కొట్టింది దీంతోనే. ఒకసారి నీళ్ళతో కడిగి వసారాలో పెట్టారట. దాంతోనే నేను గులాబీలకి కొట్టాను. నా చేత్తో. దట్టంగా.

మనం పొరబడ్డామని ఏడుస్తూ చెప్పాను. ఆయన షూ పాలిష్ చేసుకుంటున్నారు. తల కూడా ఎత్తలేదు.

"ఆకు చూసిన రోజే తెలుసు నాకు," అన్నాడు.

మరెందుకు కొట్టావు అన్నాను.

"నువ్వు కొట్టమన్నావుగా. నాకూ ఏడాదిగా చెయ్యి దురదగానే ఉంది."

ఏప్రిల్ 12

నిజమే చెప్తానన్నాను. వాంగ్మూలంలో.

లేచొచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మెల్లిగా. చిటికెన వేలు వెనక్కి వంచుతూ పోయాడు, విరిగేదాకా. కేకేస్తే రెండో చేత్తో నోరు మూశాడు. తర్వాత ఐస్ తెచ్చాడు, గుడ్డతో తనే కట్టు కట్టాడు. తలుపు సందులో పడిందని డాక్టర్ గారితో చెప్పమన్నాడు. స్ప్రేయర్ని కాలికింద వేసి తొక్కి, ముక్కలు సంచిలో వేసుకుని ఎక్కడో పారేసొచ్చాడు.

రాయడానికి కుడి చెయ్యి వదిలాడు. పాపం.

ఏప్రిల్ 13

అతను సంతకానికి స్టేషన్‌కెళ్ళగానే గోడ చుట్టూ తిరిగి వాళ్ళింటికెళ్ళాను. నిన్ననే మాస్టారిని ఇంటికి తెచ్చారు. తలంతా కట్లు. వదిన గిన్నెలో జావ పట్టుకుని చెంచాతో తాగిస్తోంది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను. స్ప్రేయర్, గులాబీలు, బీన్స్. నేనే ఉసిగొల్పానని. అతనికి ముందే తెలుసని. మధ్యలో ఆగితే ఇంక చెప్పలేనని ఆగకుండా చెప్పాను.

ఆవిడ చెంచా పక్కన పెట్టింది. లేచొచ్చి ఆ గిన్నెతోనే నా నుదుటి మీద కొట్టింది. ఇత్తడి గిన్నె. రెండోసారి కూడా కొట్టింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. రక్తం, జావ కలిసి కళ్ళలోకి కారుతున్నాయి. మాస్టారు ఏమైందీ, ఏమైందీ అని అడుగుతున్నాడు. ఆవిడ నా వైపు చూస్తూ ఆయాసపడుతూ నిలబడింది. తర్వాత తువ్వాలు తెచ్చి గాయం మీద అదిమి పట్టింది.

"ఇదంతా పోలీసుల ముందు చెప్తావా?"

చెప్తానన్నాను.

ఆటోలో దారంతా తువ్వాలు పట్టుకునే కూర్చుంది. గట్టిగా అదిమింది. సాయానికో, కోపానికో.

స్టేషన్లో అతనింకా ఉన్నాడు. బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మమ్మల్నిద్దర్నీ చూసి లేచి, వదినకి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. నేను అతని ఎదురుగానే మొత్తం చెప్పాను. వేలు కూడా చూపించాను. అతను ఒక్కసారే నా మీదికి వచ్చాడు. ముగ్గురు పట్టుకున్నారు. జుట్టు కొంత అతని గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఇంటికి పంపలేదు అతన్ని.

ఏప్రిల్ 15

నన్ను ఉసిగొల్పినదానిగా కేసులో రాశారు. రాసుకోమన్నాను.

ఏప్రిల్ 30

చచ్చిపోయాయనుకున్న మొక్కల్లో ఒకదానికి పువ్వు. మెడ వంకరే, రంగు మాత్రం అదే. ఇన్నాళ్ళకి వదిన గోడ దగ్గరికొచ్చింది, కోసివ్వమంది. ఉన్న కంటికి రంగులు తెలుస్తున్నాయో లేదో చూడాలట. ఇద్దరం మంచం పక్కన నిలబడ్డాం. మాస్టారు దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. నల్లగా ఉందన్నాడు.

అవునంది వదిన. నేనూ అవునన్నాను.