పంపుహౌస్ గోడ మీద తొమ్మిది గడులు

సోమవారం

పిన్నికి,

ఎన్నో ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. వీధికి ఏది అందమో వీధివాళ్లని అడిగి వేయాలా, మనమే వేసి వాళ్లని ఒప్పించాలా? ఈసారి అడిగే వేస్తున్నాం! మీ వీధి పంపుహౌస్ గోడ మీద బొమ్మ వేసే పని మా ఆఫీసు నాకే అప్పగించింది. పదిహేనేళ్లుగా ఎవరో గీసిన ఫుట్‌పాత్‌ల కొలతలు సరిచూసిన నాకు ఇన్నాళ్లకి నా సొంత బొమ్మ! భాగస్వామి మీ వీధి సంఘం, దానికి కార్యదర్శివి నువ్వు.

నిన్న మా పెయింటర్ గోడ మీద తొమ్మిది రంగుల గడులు వేసి వచ్చాడు. ఎండలో ఎలా కనిపిస్తాయో చూడ్డానికి నమూనాలు. అందరికీ చూపించి, మూడు రంగులు ఎంచి రాయి. నెలాఖరులోపు బొమ్మ పూర్తికాకపోతే గోడని ప్రకటనల వాళ్లకి ఇచ్చేస్తారు.

నీ పెద్దమ్మాయి

తా.క. మొహమాటం వద్దని చెప్పు. తిట్టినా రాసి పంపు.

శుక్రవారం

అమ్మాయీ,

గోడ ముందు జనమే జనం! ఏడో గడి దగ్గర టైలర్ అరగంట నిలబడి, "అమ్మగారూ, మా అమ్మ కప్పుకునే శాలువా రంగండీ ఇది" అని కళ్లు తుడుచుకున్నాడు. లెక్కల మాస్టారైతే, "అడ్డంగా చూస్తే ఒక కథ, నిలువుగా చూస్తే ఇంకో కథ" అన్నారు. అందరిదీ ఒకటే మాట: బ్రహ్మాండం!

మీ పిన్ని

తా.క. మేడ మీది నర్సుకి మాత్రం నాలుగో గడి అస్సలు నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి రోజుకి నాలుగుసార్లు వచ్చి చూసి పోతోంది.

ఆదివారం

పిన్నీ,

ఎగిరి గంతేశాను! అయితే ఏడోది ఖాయం. మిగతా రెండు త్వరగా తేల్చండి. తక్కిన వాటి మీద సున్నం కొట్టించేస్తాను.

నీ పెద్దమ్మాయి

తా.క. మాస్టారు చెప్పిన కథలేమిటి? నాకే తెలియవు.

మంగళవారం

అమ్మాయీ,

సున్నమా! ఆ మాట చదివి వినిపించానో లేదో సంఘం అప్పటికప్పుడు సమావేశమైంది. ఒక్క గడి చెరిపినా ఊరుకోరట. ఎలక్ట్రీషియన్ గోడకి దీపం బిగించాడు. ఎదురుగా బెంచీ పడింది. నీ ఉత్తరం అందకముందే, ఆదివారం నాడే ప్రారంభోత్సవం కూడా అయిపోయింది. టైలర్ కత్తెరతో మాస్టారు రిబ్బన్ కత్తిరించారు.

మీ పిన్ని

తా.క. ప్రసంగంలో నిన్ను తెగ పొగిడారు. "ఏమీ గీయకుండానే అన్నీ చెప్పింది" అట.

బుధవారం

పిన్నీ!

నా ఉత్తరం అసలు చదివావా? అవి నమూనాలు! దేన్ని ప్రారంభించారు మీరు? నా బొమ్మ ఇంకా కాగితం మీదే ఉంది. వచ్చే వారం గురువారం పెయింటర్‌ని వెంటబెట్టుకుని వస్తున్నాను.

నీ పెద్దమ్మాయి

తా.క. ఆ ప్రసంగం రాసిపెట్టి ఉంటే ఒక కాపీ దాచు.

శనివారం

అమ్మాయీ,

చదవకేం, చదివాను. నమూనాలని మొదటి రోజే తెలుసు. ఆ మాట చెబుదామనే గోడ దగ్గరికి వెళ్లాను. అక్కడ నర్సూ మాస్టారూ నాలుగో గడి గురించి గొంతులు చించుకుంటున్నారు. నీళ్ల పైపు గొడవయ్యాక పదకొండేళ్లుగా మాటల్లేని వాళ్లే ఆ ఇద్దరూ! నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను. నువ్వు వచ్చి నీ బొమ్మ వేసుకో. కానీ వాళ్లకి నువ్వే చెప్పుకోవాలి, నావల్ల కాదు.

మీ పిన్ని

తా.క. వచ్చేటప్పుడు నిచ్చెన తేకు. మనిద్దరిలో ఎవరం ముందు ఎక్కి దాక్కుంటామో తెలీదు.

ఆదివారం

పిన్నికి,

మొన్న గురువారం నీతో చెప్పకుండా దాచుకున్న మాటలు ఇప్పుడు రాస్తున్నాను. బ్రష్షులు దించుతుంటే టైలర్ ఎదురొచ్చి, "కాస్త వెనక్కి జరగండి మేడమ్, దగ్గర్నుంచి చూస్తే అర్థం కాదు" అన్నాడు. జరిగాను. నిజంగానే బాగుంది! నేనిచ్చిన జాబితాలో రంగుల వరుస మాత్రం అది కాదు. పెయింటర్‌ని అడిగితే తల గోక్కున్నాడు. "మీ వరుసలో వేస్తే కళ్లు నొప్పెట్టాయి మేడమ్. పూటంతా అటూ ఇటూ మార్చి చూసుకున్నాను. ఎవరు గమనిస్తారులే అనుకున్నా."

అంటే మీరు ప్రారంభించింది బొమ్మే. నాది కాదు, అంతే!

పని పూర్తయిందని ఆఫీసుకి రాశాను. గోడ కింద పెయింటర్ పేరు రాయమన్నాను. నా బొమ్మ చుట్టచుట్టి బీరువా మీద పెట్టాను. దాన్ని వేయకుండా వచ్చేయడం మీ అందరి మీద గౌరవమో, వేస్తే దాని ముందు ఎవరూ ఆగరన్న భయమో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

నీ పెద్దమ్మాయి