కొసరుగా ఇచ్చిన చేప

సింగపూర్

పూజ్యులైన నాన్నగారికి,

మీ చిన్నబ్బాయి రత్నాన్ని, మీ పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను ఆరోగ్యంగానే ఉన్నాను. మీరు, అమ్మ, అన్నయ్య, వదిన అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? గల్లాపెట్టె దగ్గర పొద్దస్తమానం మఠం వేసుకుని కూర్చోవద్దని డాక్టరు గారు చెప్పారు కదా. అన్నయ్య చేత ఒక కుర్చీ వేయించుకోండి.

ఉత్తరం ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేక కాదు, అమ్మని కంగారు పడవద్దని చెప్పండి. జరిగిన దానికి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇది మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

ముందు కొట్టు సంగతి. నేను పని చేసేది ఇళ్ళలో పెంచుకునే సముద్రపు చేపల్ని అమ్మే కొట్టని మీకొక్కరికే తెలుసు. అమ్మకి గాజు సామాన్ల కొట్టనే చెప్పి ఉంచండి. పూర్తిగా అబద్ధమూ కాదు, గోడల పొడుగునా ఉప్పునీళ్ళు నింపిన గాజు తొట్లే. శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాణ్ణి, పొద్దున్న లేస్తే చేపల మొహాలు చూస్తున్నాను. తినడానికి కాదు గదా, పాపం అంటదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా యజమాని లిమ్ గారు చైనావారు. మాట కరుకు, మనిషి మంచివాడు.

మా కొట్లో గుల్లలు కూడా అమ్ముతాం. మన వైపు గుల్ల అంటే సున్నం బట్టీకి బస్తాల్లో వెళ్ళే ఖాళీ చిప్పే. అందులో ఒక ప్రాణి కాపురముండేదని పాలకొల్లులో ఉన్నన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. ఇక్కడివి కొబ్బరి చిప్పంత ఉంటాయి. పైన దీపం వెలిగిస్తే నోరు తెరుస్తాయి, లోపల్నించి నెమలిమెడ రంగు కండ చీర కుచ్చిళ్ళలా బయటికి పరుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు పని మానేసి నిలబడిపోయాను. దానికి పళ్ళు లేవు, పారిపోయే కాళ్ళు లేవు. ఎవరైనా జోలికొస్తే తలుపులు మూసుకోవడం ఒక్కటే తెలుసు. ఎప్పుడూ మూసుకునే ఉంటే వెలుతురు అందక చచ్చిపోతుంది. అందుకని దాని తొట్టిలో తోడుగా ఏ చేపని వెయ్యాలన్నది చూసి చూసి తేల్చాలి.

లిమ్ గారు నాకు అదంతా నేర్పారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే చిన్న చేపలు మంచివి. గుంపుగా తిరిగే ఆకుపచ్చ చేపలూ పరవాలేదు. మూతి సాగిన చేపలూ, బుడగలా ఉబ్బే చేపలూ, పీతలూ పనికిరావు, గుల్లని పొడుచుకు తింటాయి. బెల్లం బస్తా పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టకూడదని మీరు చిన్నప్పుడు నేర్పినట్టే ఇదీ నేర్చుకున్నాను. అన్నీ తెలిసి కూడా ఆ పని చేశాను, అదే నా బాధ.

సెల్వరాజు మాస్టారని ఒక పెద్దాయన వస్తుంటారు. తమిళులు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య మరగతమ్మ గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే కాస్త ఆడుతుంది. ఆవిడకి కాలక్షేపంగా ఉంటుందని మంచం కాళ్ళ వైపున గాజు తొట్టి పెట్టించారు. ఒకరోజు వచ్చి ఒక గుల్లనీ, రెండు నారింజ చేపల్నీ కొన్నారు. లిమ్ గారు ఓడరేవుకి వెళ్ళారు. నేనే నీళ్ళ సంచుల్లో కట్టాను. కట్టాక చెయ్యి ఆగలేదు నాన్నగారూ.

చిన్నప్పుడు మీరు అన్న మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. "ఏరా, కొసరెయ్యకుండా సంచి కట్టేస్తావేంట్రా? ఆవిడ మళ్ళీ మన కొట్టు మెట్టెక్కుద్దేంటి?" అన్నారు. పప్పు కొన్నవాళ్ళకి గుప్పెడు పప్పు, ఏమీ లేకపోతే చిన్న బెల్లం ముక్క. కొసరు పడందే బేరం తెగినట్టు నాకు అనిపించదు. పక్క తొట్టిలో ఒక పసుపు చేపపిల్ల ఉంది, కంటి మీద నల్ల గీత, బొటనవేలంత ముద్దుగా ఉంటుంది. మూతి అప్పుడప్పుడే సాగుతోంది. ఇంత పిల్ల ఏం చేస్తుందిలే అనుకుని దాన్ని కూడా కట్టి ఇచ్చాను. మాస్టారు వద్దన్నారు. "ఉంచండి మాస్టారూ, అమ్మగారికి నా తరఫున" అన్నాను. ఆయన మొహమాటపడి తీసుకున్నారు. ఆ పూట నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మన కొట్లో ఉన్నట్టే ఉంది.

వారం తిరక్కుండా మాస్టారు వచ్చారు. చేతిలో తువ్వాలు మూట. విప్పి బల్ల మీద పెట్టారు. లోపల గుల్ల రెండు చిప్పలూ ఉన్నాయి, మధ్య ఏమీ లేదు. మన బట్టీకి వెళ్ళే గుల్లే.

ఆయన కోప్పడితే బాగుండేది. మెల్లగా చెప్పారు. "తంబీ, మా ఆవిడ రోజూ మంచం కమ్మీ మీద టకటకా తట్టేది. దాహమేమో అని నీళ్ళు పట్టేవాణ్ణి. మళ్ళీ తట్టేది. దిండు సరిచేసేవాణ్ణి. మళ్ళీ తట్టేది. డాక్టర్ని కూడా పిలిపించాను. నిన్న ఆవిడ కళ్ళు ఎటు ఉన్నాయో చూశాను. ఆ పసుపు చేప దీని అంచు కొరికి లాగుతోంది. ఇది మూసుకుంటోంది, కాసేపటికి మళ్ళీ తెరుస్తోంది, అది మళ్ళీ కొరుకుతోంది. పట్టబోతే నాకు చిక్కలేదు, తెల్లారేసరికి ఈ చిప్పలే మిగిలాయి. ఆవిడ అన్నాళ్ళూ అదే చెబుతోంది. నాకే అర్థం కాలేదు."

నాన్నగారూ, ఒక ప్రాణిని ఇంకో ప్రాణి కొంచెం కొంచెంగా తింటుంటే, కదల్లేని మనిషి మంచం మీద నుంచి చూస్తూ, పిలుస్తూ, ఎవరికీ వినబడక. దాన్ని ఆవిడ కళ్ళ ముందు వేసింది నేను. అదీ కానుకగా.

లిమ్ గారు లోపల్నించి అంతా విన్నారు. మాస్టారు కూర్చుని ఉండగానే అడిగారు.

"ఆ చేప ఎవరిచ్చారు?"

"నేనే."

"ఎంతకి?"

"ఊరికే."

కొసరంటే ఏమిటో ఆయనకి చెప్పబోయాను. దానికి ఇంగ్లీషులో మాట దొరకలేదు. కొన్నదాని మీద ప్రేమతో ఇంకొంచెం వేస్తాం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "డబ్బిచ్చి కొనుంటే, ఇదేం తింటుందని ఆయన అడిగేవారు. ఊరికే వచ్చిందని అడగలేదు. ఊరికే పోయేదని నువ్వూ ఆలోచించలేదు." అని ఊరుకున్నా బాగుండేది. "రేపు వాళ్ళింటికెళ్ళు. ఆ చేపని నువ్వే పట్టుకురా. ఇంకో గుల్లని తీసుకెళ్ళి ఆవిడని అడుగు. ఈ కొట్టు నుంచి ఇంకేదీ వద్దని ఆవిడ అంటే నీకు ఓడ టిక్కెట్టు కొనిస్తాను" అన్నారు. ఆ సాయంత్రమంతా ఇంటికి తిరిగొచ్చి మీ ఎదుట ఏ మొహంతో నిలబడాలా అని అదే ఆలోచన.

మర్నాడు వెళ్ళాను. ఇక్కడ రోజూ మధ్యాహ్నానికి వానే, తడిసి ముద్దయి వెళ్ళాను. మరగతమ్మ గారు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. నేను వల వేసి పసుపు చేపని పట్టి సంచిలో వేశాను. తరవాత ఆవిడ మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. "అమ్మా, తెలిసి తెలిసీ చేసిన తప్పు. కొత్త గుల్ల తెచ్చాను. మీరు సరేనంటేనే నీళ్ళలో పెడతాను." ఒకసారి తడితే అవును, రెండుసార్లయితే కాదు. గుల్ల పోయాక ఆ భార్యాభర్తలు చేసుకున్న ఏర్పాటది.

ఆవిడ చూపు తొట్టి మీదికి వెళ్ళింది. తరవాత ఒక్కసారి తట్టారు.

గుల్లని ఇసుక మీద పెట్టాను. తోడుకి తెచ్చిన వాటిని సంచుల్లోనే ఒక్కొక్కటీ ఆవిడ కళ్ళ ముందు పట్టుకుని, ఇది ఫలానాది తింటుంది, ఇక్కడిక్కడ తిరుగుతుంది అని చెప్పాను. ఆకుపచ్చ చేపలకి ఒక్కసారి తట్టారు. ఎర్ర గీతల చిన్న రొయ్య ఒకటి తెచ్చాను, అది ఏ హానీ చెయ్యదు. అయినా దానికి రెండుసార్లు తట్టారు. నేను వాదించలేదు, పక్కన పెట్టేశాను. పాత నారింజ చేపలు రెండూ అక్కడే ఉన్నాయి.

సెలవు తీసుకుని గుమ్మం దాటుతుంటే టకటకా చప్పుడు. మాస్టారూ నేనూ పరుగెత్తాం. నారింజ చేప ఒకటి గుల్ల అంచుకి ఒరిగి ఉంది, గుల్ల గట్టిగా మూసుకుంది. ఇదీ కొరుకుతోందా అని నేను వల కోసం చెయ్యి చాచాను. ఆవిడ రెండుసార్లు తట్టారు. ఆగాను. గుల్ల మెల్లగా తెరుచుకుంది, నీలం కండంతా బయటికి పరిచింది, చేప అందులో ఒళ్ళు రుద్దుకుంటూ పడుకుంది. గుల్ల మళ్ళీ మూసుకోలేదు. ఆవిడ మమ్మల్ని పిలిచింది అది చూడమని. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

కొట్టుకి వచ్చి చెబితే లిమ్ గారు తొట్లు కడగమని పీచు చేతికిచ్చారు. కనుక ఉద్యోగం గురించి బెంగ వద్దు. పసుపు చేప ఇప్పుడు వేరే తొట్టిలో ఒంటరిగా ఉంది. దాని తప్పూ లేదు, దాని తిండి అది తింది. రోజూ నేనే మేత వేస్తున్నాను.

ఇక్కడ బియ్యం బాగానే దొరుకుతుంది, తమిళుల కొట్లో పప్పు కూడా. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే అమ్మ చేత కందిపొడి, ఒక చిన్న జాడీ ఆవకాయ పంపించండి. అన్నయ్యతో కొసరు మానమని చెప్పకండి. వేసేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో ఒక్కసారి అడగమనండి, చాలు. వదినకి, మండపేట అత్తయ్యకి నా నమస్కారాలు. మీరూ అమ్మా నన్ను దీవించండి.

మొన్న ఆదివారం మాస్టారింటికి వెళ్ళాను. మాటల మధ్యలో మరగతమ్మ గారు కమ్మీ మీద తట్టారు. మాస్టారు నీళ్ళ గ్లాసు అందుకోలేదు. ముందు ఆవిడ ఎటు చూస్తున్నారో అటు చూశారు.

మీ బిడ్డ,
రత్నం