ఎడమ భుజం

పెదపారుపూడి

హిమజ గారికి నమస్కారం.

గుడివాడలో మీ స్విమ్మింగ్ పూల్ పక్కన తువ్వాలు పట్టుకుని కూర్చునేది నేనే. మీరు గమనించి ఉండరు. నీళ్ళలో మీరు చేయించే వ్యాయామంతో మావారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. సంతోషమే. కానీ ఏళ్ళ తరబడి వావిలాకు కాచి ఆ మోకాళ్ళకు నీళ్ళు పోసింది నేను. "చాల్లే, ఇంక ఆపు" అని నన్ను విసుక్కున్న మనిషి మీ నీళ్ళలో చంటిపిల్లాడిలా నవ్వుతున్నారు. మీరు "కాలెత్తండి బాబాయిగారూ" అంటే చాలు, ఎత్తేస్తున్నారు. ఇంట్లోనూ ఇప్పుడు అన్నింటికీ మీ పేరే. పీట మీద కూర్చోకూడదట, హిమజ గారు చెప్పారట. అదే పీట వద్దని నేనెంత మొత్తుకున్నానో!

నొప్పి మొదలైన దగ్గర్నుంచీ ఆయన నా ఎడమ భుజం పట్టుకునే మెట్లు ఎక్కేవారు. నా జాకెట్లన్నీ ఆ వైపే ముందు చిరిగేవి. మొన్న బస్సు దగ్గర అలవాటు కొద్దీ భుజం వంచి నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని గబగబా ఎక్కేసి, సీట్లో కూర్చుని, "ఏం, రావేం?" అన్నారు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. నీళ్ళలో మీ ఇష్టం. మెట్ల దగ్గర మాత్రం ఇంకొన్నాళ్ళు నా భుజం పట్టుకోవాలని ఆయనకు చెప్పండి. అవసరం లేదని నాకూ తెలుసు. నేను చెబితే నవ్వేస్తారు. మీ మాటైతే వింటారు.

ఇట్లు,
తువ్వాలు పట్టుకుని కూర్చునే ఆవిడ