చాందిని దవడ

అన్నా,
మన గుర్రానికి కళ్లెం పెట్టకు. చాందిని కింది దవడ విరిగిందని ఎక్స్‌రేల తేలింది. తవుడు నానబెట్టి పలుచగ కలిపి పెట్టు, ఎండుగడ్డి ఎయ్యకు. పశువుల డాక్టర్ రేపు పొద్దుగాల తీగతోని కడ్తడట. మందులకు నల్గొండ పోతున్న.

చౌటుప్పల్ పెండ్లి బరాత్‌ల పటాకులకు బెదిరి, వ్యాను అంచుకు మూతి కొట్టుకొని పడ్డదని బ్యాండు పరమేష్ చెప్పిండు. నువ్వు పక్కనే ఉన్నవంట. నాకేమో "ఎండదెబ్బ, మొండికేస్తాంది, బలవంతంగ తినిపియ్యి" అన్నవు. నాలుగు రోజులు నా చేతులతోనే దాని నోరు తెరిచి గడ్డి కుక్కిన. వణికితే తిట్టిన. నిన్ను నమ్మినందుకు దాన్ని నాతోని గిట్ల ఏడిపిస్తవా?

నిరోష

చాందిని నిన్ను చూసి వెనక్కి జరిగితే దగ్గరికి పోకు. తవుడు ఆడ పెట్టి, నువ్వే పక్కకు జరుగు.