రాలిన ఆకు, మార్తమ్మగారి డబ్బా

ఆదివారం రాత్రి.

నల్లగండ్ల అపార్ట్‌మెంటులో జరిగే ప్రార్థన కూటంలో ఈరోజు ప్రసంగిస్తూ "కొమ్మను విడిచిన ఆకు అగ్నికే" అని గర్జించాను. కోరంగి నుంచి వచ్చిన మార్తమ్మగారు ఊరుకోలేదు.

"మా మడ అడవిలో కాల్చరండి అయ్యగారూ. రాలిన ఆకును పీతలు బొరియల్లోకి లాక్కెళ్లి కొరుకుతాయి. మిగిలింది బ్యాక్టీరియా కుళ్లబెడుతుంది. ఆ బురదే రొయ్యపిల్లలకు తిండండి."

అందరూ నవ్వారు. నేను గ్రంథం మూసి, భోజనానికి ఆగకుండా లేచాను. ఆమె లిఫ్టు దగ్గర అన్నం డబ్బా నా చేతిలో పెట్టి, "కోపం రేపు పడుదురుగాని, ముందు తినండి" అన్నారు.

ఇంటికొచ్చి గ్రంథమంతా వెతికాను, పీత దొరకలేదు. భార్య పోయాక ఈ గదిలో వినబడేది నా గొంతొక్కటే. ఆ కూటమూ పోతే రాలిన ఆకును నేనే.

తిని, డబ్బా కడిగాను. ఖాళీగా తిరిగివ్వకూడదు. నాకేమో వంట రాదు. వచ్చే ఆదివారంలోగా ఏదో ఒకటి నేర్చుకోవాలి.