దుక్కిలో దొరికిన బంతి

సరళా,

ఎనభై దాటినా నువ్వు గోల్ఫ్ మానలేదు. నర్మెట్టలో వరి కోసిన పొలాలన్నీ నీ మైదానాలే. పొద్దున బంతులు కొట్టి, ఆ వెంటనే ముసలివాళ్ళను ఆటో ఎక్కించుకుని జనగామ కంటి దవాఖానకు బయలుదేరేదానివి. ఇంత పెద్ద ప్రొఫెసర్నయినా, మొగుడిగా నేను నీకు పోయిన బంతులు వెతకడానికే పనికొచ్చాను.

నువ్వు కన్నుమూసి ఏడాదైంది. ఇవాళ ఎల్లవ్వ పొలం దున్నిస్తుంటే నీ బంతి ఒకటి బయటపడింది. కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"అమ్మ దగ్గరుండి కండ్ల ఆపరేషన్ చేపియ్యకపోతే గిది నాకేడ కనబడేది సారూ?" అంది.

సాయంత్రం నీ గోల్ఫ్ కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. నవ్వకు, మొదటి దెబ్బ గాలికే పోయింది. రెండోసారి బంతి ఎల్లవ్వ పొలంలోనే పడింది.

వెతకలేదు. వచ్చే ఏడు దుక్కిలో ఆమెకే దొరకాలి.