తమ్ముడి కఫం పరీక్ష

మంగళవారం, చిత్తూరు ఆసుపత్రి

తమ్ముడు రమణ కఫంలో క్షయ క్రిములు కనిపించలేదని రిపోర్టు వచ్చింది. వాడి ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం సంతోషించలేకపోయాను. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిన బరువు, ఎక్స్‌రేలో మచ్చ: ఇవన్నీ అలాగే ఉన్నాయి. పైగా, లోపలినుంచి దగ్గి తీయమని నర్సమ్మ ఇచ్చిన డబ్బాలో వాడు కావాలనే ఉత్త ఉమ్మి వేయడం నా కళ్ళతో చూశాను.

డాక్టరుగారికి ఆ సంగతి చెప్పేశాను. రేపు ఉదయం మళ్ళీ కఫం ఇమ్మన్నారు. ఆయన అటు వెళ్ళగానే రమణ నామీద విరుచుకుపడ్డాడు.

"జబ్బుండాదని తేలితే శ్రీసిటీ ఫ్యాక్టరీలో నన్ను గేటు కాడే నిలిపేస్తారు. నా పని నువ్వు చేస్తావాన్నా?"

"నీ పని నాకు రాదబ్బా. నువ్వు దగ్గతా ఉంటే పక్కన నిలబడేది మాత్రం వస్తాది."

"పెద్ద డాక్టరు బయల్దేరినాడు!" అంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ కూడా నన్నే తప్పుపట్టింది. పట్టనీ. మందులున్న జబ్బును దాచుకొని చావడానికి నా తమ్ముణ్ణి నేను వదలను. ఉద్యోగం ఉంటుందో, పోతుందో తెలియదు. పోతే మరొకటి వెతుకుతాం. రేపు ఆసుపత్రి వరండాలో వాడు కఫం కోసం దగ్గుతుంటే లోకమంతా చూడనీ, నేను తల దించుకోను.